కుడి పక్కన మూడు వారాలు

నా హ్యాండ్‌బ్యాగులో చిన్న నోటుపుస్తకం ఒకటి ఉండేది. అందులో బళ్ళ నంబర్లు రాసుకునేదాన్ని. లారీలు, ట్రాక్టర్లు, వ్యాన్లు, ఒకసారి పెళ్ళివాళ్ళ బస్సు కూడా. రోడ్డు మీద ఎవడైనా అడ్డదిడ్డంగా నడిపినా, చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టినా, స్కూటీ పక్కకు ఆపి నంబరు రాసుకుంటే గానీ నాకు ముద్ద దిగేది కాదు. రాసుకుని ఏం చేసేదాన్నంటే, ఏమీ చేసేదాన్ని కాదు. కడుపుమంట కాస్త చల్లారేది, అంతే. మా బడిలో నన్ను చాటుగా 'నంబర్ల మేడం' అనేవాళ్ళు. చాటుగా అని వాళ్ళు అనుకునేవాళ్ళు.

నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. కాపురం రేపల్లెలో. మా బడి అక్కడికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, రైలు గేటు దాటాక కాలవ కట్ట వెంబడి పోయే రోడ్డు మీద ఉంది. ఆ రోడ్డుకు ఒక పక్క కాలవ, రెండో పక్క పొలాలు. రెండు లారీలు ఎదురుపడితే ఒకటి ఆగి మార్జిన్‌లోకి దిగాల్సిందే. నగరం అనే ఊరి వైపు నుంచి తిరిగే ధాన్యం లారీలు, రొయ్యల చెరువులకు మేత మోసే వ్యాన్లు, కూలీలతో కిక్కిరిసిన ఆటోలు, రోజుకు నాలుగుసార్లు ఎర్ర బస్సు, అన్నిటికీ అదే దారి.

డ్రైవర్ల మీద నా కోపం ఆ రోడ్డు మీద పుట్టింది కాదు, తెనాలిలో పుట్టింది. నేను పుట్టి పెరిగిన ఊరది. ఇంటర్‌లో చేరినప్పుడు మా నాన్న నాకు సైకిలు కొనిపెట్టారు. ఒకరోజు పొద్దున కాలేజీకి పోతూ కాలవ వంతెన దిగుతుంటే వెనక నుంచి వచ్చిన వ్యాను నా హ్యాండిల్‌కు తగిలింది. తగిలిందని కూడా తర్వాతే తెలిసింది. ముందు తెలిసింది నా చెంపకు అంటుకున్న ఇసుక. ఆ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "కళ్ళు నెత్తికెక్కాయా?" అని అరిచి వెళ్ళిపోయాడు. నా కళ్ళు ముందుకే ఉన్నాయి. వాడొచ్చింది వెనక నుంచి. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. మోచేతి మీద మచ్చ మిగిలింది. నేను మళ్ళీ సైకిలు ఎక్కలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన తప్పుకు వేరు అక్కడుంది.

ఒక ఏడాది మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళు ఇచ్చింది. కాలవ ఎగువనున్న ఊరి నుంచి పదకొండుమంది పిల్లలు రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చేవాళ్ళు. వాళ్ళ సంబరం చూడాలి. సీట్లకు చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కవర్లు నెల దాకా తీయలేదు. ఇంటర్వెల్లో అన్నం గిన్నె తుడిచే గుడ్డతోనే మడ్‌గార్డు తుడిచేవాళ్ళు. వాళ్ళను చూస్తే నాకు మాత్రం ఆ చిన్న చిన్న వీపులు కనపడేవి. పదకొండు వీపులు, వాటి వెనక లారీలు.

అప్పుడు నాకు రోడ్డు మీద నడవడం గురించి ఎప్పుడో చదువుకున్న పాఠం గుర్తొచ్చింది. కుడి పక్కన నడవాలి, అప్పుడు ఎదురొచ్చే బండి కనపడుతుంది. అది నడిచేవాళ్ళ సంగతి. నా బుర్రలో ఆ 'నడిచేవాళ్ళు' అన్న మాట జారిపోయింది. ఇంకా నిజం చెప్పాలంటే, జారిపోతుంటే ఊరుకున్నాను. నాకు కావలసింది నాకు దొరికింది. బండి వెనక నుంచి రాకూడదు. వచ్చేదేదో ఎదురుగా, కనపడుతూ రావాలి.

మరునాటి నుంచి ప్రార్థన అయ్యాక పిల్లలతో చెప్పించేదాన్ని.

"సైకిలు ఏ పక్క?"

"కుడి పక్క!"

"ఎందుకు?"

"ఎదురొచ్చే బండి కనపడాలి!"

మా లెక్కల మాస్టారు ఆ పిల్లల ఊళ్ళోనే ఉంటారు, ఆయనా సైకిలు మీదే వస్తారు. మెత్తని మనిషి. ఒకరోజు గొంతు సవరించుకుని, "మేడంగారూ, సైకిలు ఎడం పక్కన కదండీ తొక్కేది..." అన్నారు.

"వెనక నుంచి గుద్దితే మీరొచ్చి లేపుతారా?" అన్నాను.

ఆయన చాక్‌పీసు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయారు. నాతో వాదించి గెలిచినవాళ్ళు మా స్టాఫ్‌రూములో ఎవరూ లేరు. ఆ సంగతి నాకు గొప్పగా ఉండేది.

పిల్లలు నేను చెప్పింది చెప్పినట్టు చేశారు. తల్లులు అడిగినా, దారిలో పెద్దవాళ్ళు కోప్పడినా ఒకటే జవాబు, "మా మేడం చెప్పారు." ఒకరి వెనక ఒకరు, పదకొండు సైకిళ్ళు, రోడ్డుకు కుడి అంచున. పొద్దున బడికొచ్చేటప్పుడు వాళ్ళ కుడి పక్కన కాలవ. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు పొలాలు.

మూడో వారంలో రెండు జడల పిల్ల ఒకతి నా దగ్గరికొచ్చి, "మేడం, మలుపు దగ్గర లారీలు పొడుగ్గా హారన్ కొడుతున్నాయి" అంది. ఫిర్యాదుగా చెప్పిందో, కబురుగా చెప్పిందో నేను ఆలోచించలేదు. నాకు అంత చాలు. బడికీ వాళ్ళ ఊరికీ మధ్య రోడ్డు ఒకచోట కాలవతో పాటు వంకర తిరుగుతుంది, అవతల ఏముందో కనపడదు. ఆ మలుపు దగ్గరే ఒక టీ కొట్టు. ఆ సాయంత్రం నేను వెళ్ళి అక్కడ స్కూటీ ఆపుకుని నిలబడ్డాను. పిల్లలు నన్ను దాటి మలుపు తిరగబోతున్నారు. మలుపు అవతల నుంచి పాత లారీ ఒకటి, నీలం రంగు క్యాబిన్ది, ధాన్యం లోడుతో వచ్చి ఆగకుండా పొడుగ్గా హారన్ కొట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటుపుస్తకం తీసి, తల వంచుకుని నంబరు రాసుకుని, స్కూటీ తిప్పుకుని వచ్చేశాను. మరునాడూ అదే లారీ. ఆ మరునాడు ఇంకో రెండు.

సరిగ్గా ఆ వారమే బాపట్లలో టీచర్లకు రోడ్డు భద్రత మీద ఒకరోజు శిక్షణ పెట్టారు. మా బడి నుంచి ఎవరు వెళ్తారని హెడ్మాస్టరుగారు అడగకముందే చెయ్యెత్తాను. మూడు నంబర్లూ తెల్ల కాగితం మీద ఎర్ర సిరాతో రాసుకున్నాను. శుక్రవారం పొద్దున రైలెక్కి, తెనాలిలో మారి, బాపట్లలో దిగేసరికి మనసులో ఒక ఉపన్యాసం తయారైపోయింది.

శిక్షణ ఇచ్చింది రవాణా శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. భోజనాలయ్యాక, మీ ఇబ్బందులు చెప్పండి అన్నారు. నేను లేచి, ముందు వరస దాకా నడిచి, కాగితం ఆయన చేతిలో పెట్టాను.

"సార్, ఈ మూడు లారీలూ రోజూ నా పిల్లల మొహాన హారన్ కొడుతున్నాయండి. పదకొండుమంది ఆడపిల్లలు సార్."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "మొహాన అంటే, ఎదురుగానా అమ్మా?"

"ఎదురుగానే సార్."

"పిల్లలు ఏ పక్కన వెళ్తారు?"

"కుడి పక్కన సార్. రూలు ప్రకారం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. బోర్డు దగ్గరికి వెళ్ళి రోడ్డు గీశారు. "సైకిలు కూడా బండేనమ్మా. నడిచే మనిషి కాదు. బండి ఎడం పక్కనే పోవాలి" అన్నారు. తర్వాత నన్నే అడిగారు. "లారీ నలభైలో వస్తుంది, సైకిలు పదిలో పోతుంది అనుకోండి. ఎదురెదురుగా అయితే ఎంత వేగంతో కలుస్తారు?"

"యాభై."

"వెనక నుంచి అయితే?"

"ముప్పై" అన్నాను.

"ఆ తేడాలోనే డ్రైవరు బ్రేకు తొక్కగలిగేది. పైగా మీది మలుపంటున్నారు. మలుపు తిరిగేవాడు ఆ పక్క నుంచి సైకిలొస్తుందని కల్లో కూడా అనుకోడు." ఆయన చాక్‌పీసు పెట్టేసి, "మూడు వారాలైందా? ఏమీ కాలేదా?" అని అడిగారు.

"లేదండి."

ఆయన నా కాగితం మళ్ళీ ఒకసారి చదివి నా చేతికి ఇచ్చేశారు. "అయితే ఈ హారన్లు ఎందుకు కొట్టారో కనుక్కోండమ్మా" అన్నారు.

తల కొట్టేసినట్టయింది అంటారే, అదేమిటో నాకు ఆ రోజు తెలిసింది. కానీ సిగ్గుపడటానికి కూడా తీరిక లేదు. టైము మూడు కావస్తోంది. నాలుగ్గంటలకు బడి వదులుతారు. పదకొండు సైకిళ్ళు కుడి పక్కన బయలుదేరతాయి. హాలు బయటికి వచ్చి హెడ్మాస్టరుగారికి ఫోను చేశాను, ఎత్తలేదు. క్లాసులప్పుడు టీచర్లందరూ ఫోన్లు బీరువాలో పెట్టాలని సర్క్యులర్ మీద నాతోనే సంతకం చేయించారు ఆయన. స్టేషనుకు ఆటోలో పోతూ ఆయనకూ, లెక్కల మాస్టారికీ మార్చి మార్చి చేశాను. తెనాలి రైల్లో చేశాను. తెనాలి ప్లాట్‌ఫారం మీద రేపల్లె బండి కోసం నిలబడి చేస్తుంటే నాలుగుంబావుకు లెక్కల మాస్టారు ఎత్తారు.

"పిల్లలు ఇప్పుడే వెళ్ళారండి" అన్నారు.

"మాస్టారూ, నేను తప్పు చెప్పానండి. మీరే కరెక్టు. వాళ్ళు..."

"నేను వెనకాల వెళ్తానులెండి. మీరు కంగారు పడకండి" అన్నారు. 'నేను ముందే చెప్పాను' అనే హక్కు ఆయనకు నూటికి నూరుపాళ్ళూ ఉంది. ఆయన అనలేదు.

రేపల్లె బండి అన్ని స్టేషన్లలోనూ ఆగింది. వేమూరులో ఆగింది, భట్టిప్రోలులో ఆగింది. నేను కిటికీ పక్కన కూర్చుని హాజరు వేస్తున్నాను. రెండు జడల పిల్ల. ఎడమ చేత్తో రాసే పిల్ల. సైకిలు తొక్కుతూ కూడా ఎక్కాలు చెప్పుకునే పిల్ల. హ్యాండిల్‌కు పూసల దండ కట్టుకున్న పిల్ల. పదకొండుకు వచ్చి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. 'కుడి పక్క' అని ప్రార్థనలో నేనే చెప్పించాను. గట్టిగా చెప్పమని కూడా అన్నాను. పల్లెకోన దాటుతుండగా ఫోను మోగింది. "అందరూ ఇళ్ళకు చేరారండి" అన్నారు మాస్టారు. నేను రైల్లో పదిమంది ముందు ఏడ్చాను.

శనివారం బడి ఉంది. ఏడున్నరకల్లా మలుపు దగ్గర టీ కొట్టుకు చేరుకున్నాను. పిల్లలు రాగానే ఆపి, అక్కడికక్కడే ఎడమ పక్కకు మార్చెయ్యాలని నా ఆలోచన. కొట్టు నడిపే ఆవిడ బెంచీ తుడిచి, "కూర్చోండమ్మా, పిల్లలొచ్చే టైమే" అంది. ఈవిడకెలా తెలుసు అనుకున్నాను.

ఇంతలో బడి వైపు నుంచి నీలం క్యాబిన్ లారీ వచ్చింది. నాకు ఆ నంబరు నోటికొచ్చు. మలుపు ఇంకా యాభై గజాలు ఉండగానే అది నెమ్మదించింది. పొడుగ్గా హారన్ కొట్టింది. నేను ఈసారి తల వంచుకోలేదు, చేతిలో పుస్తకం లేదు కాబట్టి చూస్తూ నిలబడ్డాను. మలుపు అవతల నుంచి జవాబు వచ్చింది. సైకిలు బెల్లులు. ఒకటి కాదు, అన్నీ కలిసి గణగణమని. ఆ చప్పుడు వినగానే లారీ తన పక్క వదిలేసి, రోడ్డు దాటి, కుడి చేతి వైపు పొలం మార్జిన్‌లోకి పూర్తిగా దిగి ఆగిపోయింది. వెనక వచ్చిన ఆటో దాని వెనకే దిగి ఆగింది. ఆ వెనక మేత వ్యాను. ఎవరూ ముందుకు తోసుకురాలేదు. అప్పుడు మలుపులోంచి నా పిల్లలు వచ్చారు. కాలవ అంచున, ఒకరి వెనక ఒకరు, మొత్తం రోడ్డు తమదే అన్నట్టు. రెండు జడల పిల్ల లారీ వైపు చెయ్యి ఊపింది. లారీలోంచి కూడా ఒక చెయ్యి లేచింది.

నేను వాళ్ళను ఆపడం మర్చిపోయాను. అంత పెద్ద బళ్ళు అలా తలొంచుకుని ఒద్దికగా నిలబడటం నేనెన్నడూ చూడలేదు. పెద్దవాళ్ళ మధ్యకు చెప్పులతో వెళ్ళినట్టు, ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

"రోజూ ఇంతేనా పిన్నీ?" అని అడిగాను కొట్టావిడను.

"రోజూ ఇంతేనమ్మా. అదుగో, ఆ గుడ్డ నాదే" అని కరెంటు స్తంభం చూపించింది. దానికి ఎర్ర చీర పీలిక కట్టి ఉంది. "కొత్తగా వచ్చే డ్రైవర్లకి గుర్తుండాలని ఆ లారీ ఆయనే అడిగి కట్టించాడు. సాయంత్రం పిల్లలు తిరిగెళ్ళేటప్పుడైతే ఆయన ఇటు కాలవ అంచుకి దిగుతాడు. లోడుతో దిగకయ్యా, కట్ట జారుద్ది అంటే వినడు."

నేను కాలవ వైపు వెళ్ళి చూశాను. మెత్తటి మట్టిలో టైర్ల జాడలు మూరెడు లోతున ఉన్నాయి. అక్కడి నుంచి నీళ్ళు నాలుగడుగుల దూరం. మొన్న సాయంత్రం నేను నిలబడి తల వంచుకుని నంబరు రాసుకున్న చోటు అక్కడికి పట్టుమని ఇరవై గజాలు లేదు. నా కళ్ళు నిజంగానే నెత్తికెక్కి ఉన్నాయి.

లారీ ఆయన టీకి దిగాడు. యాభై దాటిన మనిషి, తెల్లబడిన మీసం. పిన్ని నన్ను చూపించి ఏదో చెప్పింది. ఆయన గబుక్కున భుజం మీది తువ్వాలు తీసేసి చేతిలో పట్టుకున్నాడు.

"మీరేనాండి టీచరుగారు! సైకిళ్ళకి కొత్త రూలొచ్చిందంట గదండి."

"కొత్త రూలా?"

"మొదటిరోజు ఆ రెండు జడల పిల్లని ఆపి అడిగానండి. ఏంటమ్మా ఇటొస్తన్నావ్, నీ పక్క అటు గదా అంటే, మా మేడం చెప్పారు అంది. గవర్నమెంటు సైకిళ్ళు గదా, రూలు కూడా గవర్నమెంటే మార్చిందేమో అనుకున్నామండి. మాకేం తెలుసు? టీచరు చెప్పిందంటే మేం ఏమంటాం?"

ఆ రోడ్డు మీద బండి నడిపే ప్రతివాడికీ నేను చెప్పింది తప్పని తెలుసు. తప్పని తెలిసి కూడా నా మాటను తీసెయ్యలేదు. నా మాటకు తగ్గట్టు రోడ్డునే మార్చుకున్నారు. నేను ఒక్కొక్కడి నంబరూ రాసుకుంటున్నప్పుడు వాళ్ళు చేస్తున్న పని అది. ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"కొత్త రూలు కాదు అన్నయ్యా. నేను తప్పు చెప్పాను. నిన్న బాపట్లలో చెప్పేదాకా నాకు తెలియలేదు. ఇవాళే మార్చేస్తాను, సాయంత్రం నుంచి ఎడం పక్కనే పంపిస్తాను."

ఆయన నవ్వుతాడనుకున్నాను. ఆయన టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. "వద్దండి. ఇవాళ వద్దు."

"ఏం?"

"ఇప్పుడు అందరికీ ఇదే అలవాటైపోయిందండి. బెల్లు వినపడగానే మేం రోడ్డు దాటి అటు మార్జిన్‌కి దిగిపోతన్నాం. మీరు చెప్పకుండా పిల్లల్ని మారిస్తే, మేం దిగే చోటే పిల్లలుంటారండి."

నేను తెల్లవారుజామునే లేచి పరిగెత్తుకొచ్చింది సరిగ్గా ఆ పని చేయడానికి. పిల్లల్ని మలుపులో ఆపి, నా తప్పు దిద్దుకున్నానన్న తృప్తితో, వాళ్ళను తిన్నగా లారీ కిందికి పంపేదాన్ని. మొదటి తప్పు కంటే రెండోది పెద్దదయ్యేది.

"మరేం చెయ్యాలి?" అని అడిగాను. ఒక డ్రైవరును నేను సలహా అడగడం అదే మొదలు.

"రేపు ఆదివారం గదండి. రైలు గేటు దగ్గర నిలబడి చెప్పండి. గేటు దాటకుండా ఈ రోడ్డెక్కే బళ్ళు తక్కువ. నగరం వైపు నుంచి వచ్చే వాళ్ళకి నేను చెప్తాను. సోమవారం పొద్దున మార్చండి."

ఆదివారం పొద్దున ఏడింటికి రైలు గేటు దగ్గరికి వెళ్ళాను. గేటు పడ్డప్పుడల్లా పది పదిహేను బళ్ళు ఆగుతాయి. ఆగిన ప్రతి బండి దగ్గరికీ వెళ్ళి కిటికీ తట్టడమే నా పని. ట్రాక్టరు అతనికి చెబుతుంటే వెనకున్న ఆటో అతనే అందుకున్నాడు. "ఆ ఎదురొచ్చే పిల్లల మేడంగారా మీరు? ఒక పిల్ల సైకిలు మీద ఎక్కాలు చదువుద్దండి. పన్నెండో ఎక్కం దగ్గర తప్పు పోద్ది రోజూ." ఎర్ర బస్సు డ్రైవరు ఇంజను ఆపి మరీ విన్నాడు. "సోమవారం నించి ఎడం పక్కన. ఒకే వరసలో. బెల్లు కొట్టినా మేం మా పక్కనే ఉండాలి. అంతేగాండి?" అని నా పాఠం నాకే అప్పజెప్పాడు. మేత వ్యాను కుర్రాడొకడు, "ఇన్నాళ్ళూ మేం బురదలో దిగింది ఉత్త పుణ్యానికేనాండి?" అని నవ్వాడు. నన్ను ఎగతాళి చేసింది ఆ రోజంతా అతనొక్కడే. నాకు రావలసినదానికి అది చాలా తక్కువ.

అందరూ దేవుళ్ళని చెప్పను. తెల్ల కారు ఒకటి అద్దం దించలేదు. నేను తడుతుంటే లోపలి మనిషి ఫోనులోంచి తల ఎత్తకుండా చెయ్యి విదిలించాడు. బిచ్చమడుగుతున్నాననుకున్నాడు. గేటు లేవకముందే వరస తప్పించి ముందుకు దూరాడు. నాకు అలవాటుగా చెయ్యి బ్యాగులోకి వెళ్ళింది, పుస్తకం ఇంట్లో వదిలేశానని గుర్తొచ్చింది.

మధ్యాహ్నం దాటాక ఒక వింత జరిగింది. గేటు పడింది, వరసలో ముందున్న లారీ దగ్గరికి వెళ్ళాను. ఎప్పుడూ చూడని బండి, ఎక్కడో దూరం నుంచి వస్తోంది. నేను నోరు తెరవకముందే ఆ డ్రైవరు, "తెలుసండి. రేపట్నించి పిల్లలు ఎడం పక్కన. ఇందాక పల్లెకోన దగ్గర ఎదురొచ్చిన బండాయన లైటు కొట్టి ఆపి చెప్పాడు" అన్నాడు. తర్వాతి వ్యానుకూ తెలుసు. ఆ తర్వాతి ఆటోకూ తెలుసు. నేను పొద్దున చెప్పిన మాట నాకంటే ముందు పోయి, రోడ్డంతా తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. నా మాట అంత వేగంగా, అంత శ్రద్ధగా ఎవరూ ఎప్పుడూ నేర్చుకోలేదు. ఎండలో నిలబడి నిలబడి కళ్ళు తిరుగుతున్నా ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు.

సోమవారం పొద్దున పిల్లల ఊరికే వెళ్ళాను. వాళ్ళ సైకిళ్ళ ముందు నిలబడి, "నేను మీకు తప్పు చెప్పాను. సైకిలు ఎడమ పక్కన తొక్కాలి" అన్నాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మేడం కూడా తప్పు చెప్తారా?" అంది రెండు జడల పిల్ల.

"చెప్తారు. ఈసారి మీకు అనుమానం వస్తే నన్ను అడగండి."

"అడిగితే మీరు తిడతారు కదా మేడం" అంది ఎక్కాల పిల్ల.

ఆ రోజు పిల్లలు పదిమందే. ఒక పిల్లకు జ్వరం. ఆ పిల్ల సైకిలు గుమ్మం పక్కన ఖాళీగా ఉంది. వాళ్ళమ్మను అడిగి తీసుకున్నాను. స్కూటీ మీద వెనకాల వెళ్ళొచ్చు, కానీ మనసొప్పలేదు. వెనక నుంచి వచ్చేది ఏదైనా ముందు నన్ను దాటాలి. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ముప్పై ఏళ్ళ తర్వాత సైకిలు ఎక్కాను. మొదటి పది గజాలు పిల్లలు నవ్వును బిగబట్టుకున్నారు.

ఎడమ పక్కన, ఒకే వరసలో బయలుదేరాం. అందరికంటే చివర నేను. పొలాల వైపు నుంచి గాలి కొడుతోంది. ఎదురుగా వచ్చిన ఆటో తన పక్కనే ఉండి, నెమ్మదించి, సాగిపోయింది. మేత వ్యానూ అంతే. నా చూపు ముందుందే గానీ ప్రాణమంతా వీపు మీదుంది. మలుపు వంద గజాలుందనగా ఆ చప్పుడు వినపడింది. వెనక నుంచి. పెద్ద బండి, బరువుది. తెనాలి వంతెన దిగుతున్న పిల్లనైపోయాను. చేతులు హ్యాండిల్‌ను కరుచుకున్నాయి. హారన్ కోసం ఎదురుచూశాను. హారన్ రాలేదు. చప్పుడు దగ్గరికొచ్చింది, ఇంజను తగ్గింది, గేరు మారింది. మా సైకిళ్ళ వేగానికి వచ్చి, అదే వేగంలో వెంట నడిచింది.

నేను వెనక్కి తిరిగి చూడబోయాను, సైకిలు ఊగింది.

"వెనక్కి చూడకండి మేడం, పడిపోతారు!" అంది నా ముందున్న పిల్ల. "ఆయన చూసుకుంటాడు లెండి."

మలుపు వచ్చింది. పిల్లలు అలవాటు కొద్దీ బెల్లులు కొట్టారు. వెనక నుంచి చిన్నగా, ఒక్కసారి, హారన్ జవాబిచ్చింది. లారీ మమ్మల్ని దాటలేదు. దాని వెనక ఇంకా బళ్ళు చేరుతున్న చప్పుడు, వాటిలో ఏదో ఒకటి విసుగ్గా రెండుసార్లు కూత పెట్టి ఊరుకుంది. మలుపంతా తిరిగాం. టీ కొట్టు పిన్ని గరిటె పట్టుకునే రోడ్డు పక్కకు వచ్చి నిలబడింది. స్తంభానికి ఎర్ర పీలిక లేదు, విప్పేసింది. కొట్టు దాటాక రోడ్డు కాస్త వెడల్పవుతుంది. అక్కడ లారీ కుడికి జరిగింది, మాకూ దానికీ మధ్య ఒక ఎడ్లబండి పట్టేంత చోటు వదిలి, నెమ్మదిగా పక్కకు వచ్చింది. ముందు టైరు. తర్వాత నీలం తలుపు.

ఆయన సీటు మీంచి ఇటువైపుకు వంగి, ఎడం కిటికీలోంచి తల చూపించాడు. కిటికీలో తల కనపడ్డ డ్రైవరు ఏమంటాడో నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు.

"బాగా తొక్కుతున్నారండి టీచరుగారూ!" అన్నాడు.

బెల్లు కొట్టాను.